కుట్టించడం, కుట్టించుకోవడం

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదో నెలలో మా తమ్ముడి ఒడిలో కూర్చోబెట్టి ఆచారి చేత చెవులు కుట్టించాము. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఆ పిల్లే చెవి పైఅంచున రెండు చోట్ల, ముక్కుకు ఒక చోట తానే కుట్టించుకుని వచ్చింది. ఇది మన సంప్రదాయం కాదని మా మామగారు బాధపడుతున్నారు. మీరేమంటారు?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ మామగారి బాధను తేలికగా తీసిపారేయకూడదు, అయితే సంప్రదాయమన్న మాటను కొంచెం నిదానంగా చూడాలి. పిల్లలకు ఆరో నెలలోనో ఏడో నెలలోనో రక్షణ కోసమూ అలంకారం కోసమూ చెవులు కుట్టాలని, మగపిల్లవాడికి ముందు కుడి చెవి, ఆడపిల్లకు ముందు ఎడమ చెవి కుట్టాలని ప్రాచీన వైద్యగ్రంథం సుశ్రుత సంహిత చెప్పింది. తెగిన తమ్మెలను అతికించే 15 పద్ధతులను కూడా ఆ అధ్యాయమే వివరించిందంటే, ఆనాటివారి చెవులు ఎంత బరువు మోసేవో ఊహించవచ్చు.

ముక్కు సంగతి వేరు. అమరావతి శిల్పాలలోని స్త్రీలకు చెవుల నిండా నగలున్నాయి గాని ముక్కుపుడక కనబడదు. అది మధ్యయుగాలలో మనకు అలవడిన నగ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అది లేని పెళ్ళికూతురు ఈనాడు మనకు వెలితిగా తోస్తుంది.

కుట్టిన చెవి మనిషి ఎవరో చెప్పే గుర్తు కూడా. భారతంలో అస్త్రవిద్యా ప్రదర్శనకు వచ్చిన కర్ణుణ్ణి కుంతి సహజ కవచకుండలాలను బట్టే తన బిడ్డగా పోల్చుకుని మూర్ఛపోయింది. శైవ యోగుల నాథ సంప్రదాయంలో గురువు శిష్యుడి చెవిని చీల్చి కుండలం తొడుగుతాడు. భర్త పోయిన స్త్రీ ముక్కుపుడకను తీయించిన ఆచారం కూడా ఈ కోవలోదే. ఆ గుర్తును ఆమె కోరుకోలేదు, దాన్ని నేను ఏనాటికీ సమర్థించలేను.

తొమ్మిదో నెలలో మీ పాప గుర్తును ఇంటిల్లిపాదీ కలిసి నిర్ణయించారు, ఇప్పుడు ఆమె ఒక్కతే నిర్ణయించుకుంది. మీ మామగారిని నొప్పించినది బహుశా తనతో ఒక్క మాటైనా చెప్పకపోవడమే.

చెవి పైఅంచున ఉండేది మృదులాస్థి, అంటే మెత్తటి ఎముక. దానికి రక్తప్రసరణ తక్కువ కనుక పుండు మానడానికి తమ్మెకన్నా ఎక్కువగా, కొన్ని నెలలు పడుతుంది. వాపు, చీము కనబడితే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక డాక్టరుకు చూపించండి. ముక్కు పూర్తిగా మానాక, మీ ఊరి బంగారు అంగళ్ళకు తాతామనుమరాళ్ళను కలిపి పంపండి. పుడకను ఆయనే ఎంచి కొనిపెట్టనివ్వండి.