ఆ సమాధి కథ రాసే ముందు

అమ్మాయీ,

నువ్వు రాయాలనుకుంటున్న ఆ కుటుంబ సమాధి గురించి నీ ఉత్తరం, ఫోటోలు అందాయి. ఒకే రాతి మీద తొమ్మిది పేర్లు, పైన విరిగిన స్తంభం, పక్కన ఖాళీ రాతి కుర్చీ! నీకు నిద్ర పట్టకపోవడంలో వింతేం లేదు. ఒక్క రాత్రిలో కుటుంబమంతా పోయిందని చుట్టుపక్కల వాళ్లు చెప్పారన్నావు. ఆ కథను ఒక కాగితం మీద రాసి, మడిచి పక్కన పెట్టు. పారేయకు, తర్వాత పనికొస్తుంది. ముందు రాయినే అడుగు.

స్తంభాన్ని ఎవరూ విరగ్గొట్టలేదు. అలాగే చెక్కుతారు. నిండా బతక్కుండా పోయినవాళ్లకు అది గుర్తు. పసిపిల్లల సమాధి మీద గొర్రెపిల్ల ఉన్నట్టే ఇదీను.

కుర్చీ సంగతి చూడగానే నాకు అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని హయవాతా గుర్తొచ్చింది. అక్కడ జాన్ డేవిస్ అనే రైతు, 1930లో భార్య సారా పోయాక, తమ ఇద్దరి వేర్వేరు వయసుల బొమ్మలు పెట్టించాడు. మొత్తం పదకొండు నిలువెత్తు విగ్రహాలు. ఒకచోట ముసలాయన కూర్చుని ఉంటాడు, పక్కన ఆవిడ కుర్చీ ఖాళీ. ప్రేమతో కట్టించాడని కొందరంటారు. ఆస్తి ఆవిడ బంధువులకు దక్కకూడదనే తగలేశాడని ఇంకొందరంటారు. రాళ్లు అవే, కథలు మాత్రం రెండు! అలాంటిది నీకు ఎదురైతే రెండూ రాయి, ‘అంటారు’ అన్న మాట మాత్రం వదలకు.

ఇక అక్షరాలు చదవడం. పొద్దున్నో సాయంత్రమో, ఎండ ఏటవాలుగా పడే వేళకు వెళ్లు. ఎండ లేకపోతే టార్చి లైటు పక్కనుంచి వేస్తే చెక్కిన గీతలు నీడలతో లేచి కనిపిస్తాయి. సుద్దపొడి, షేవింగ్ ఫోమ్, ఇనుప బ్రష్... వీటి జోలికి పోకు. నేను పడుచు వయసులో ఒక పాలరాతి ఫలకం మీద నాచు పట్టిందని ఇనుప బ్రష్‌తో గోకాను. నాచుతో పాటు రాతి పైపొర ఊడొచ్చింది. అక్కడున్న తేదీ ముందే రాసుకుని ఉంటే బాగుండేది, రాసుకోలేదు. ఆ తేదీ ఇక ఎవరికీ తెలీదు. పాలరాయి, ఇసుకరాయి చాలా సున్నితం. గ్రానైట్ అయితే కొంత ఓర్చుకుంటుంది.

చదివేటప్పుడు అక్షరాల తీరు గమనించు. తొమ్మిది పేర్లూ ఒకే చేతి చెక్కడంలా ఉంటే, అవి ఒకేసారి చెక్కినవై ఉండొచ్చని అర్థం, అంతేగానీ అందరూ ఒకేసారి పోయారని కాదు. నీ ‘ఒక్క రాత్రి’ కథ ఇక్కడే పుట్టి ఉంటుందని నా అనుమానం. ఎప్పుడెప్పుడో పోయినవాళ్ల పేర్లన్నీ, చేతిలో డబ్బు ఆడినప్పుడు, ఎవరో ఒకరు కలిపి చెక్కించి ఉండొచ్చు. ఆ ఒకరెవరో పట్టుకో. నా లెక్కలో అసలు చరిత్ర అదే. పోయినవాళ్లు సమాధి కట్టుకోరు కదా!

పేరున్న ప్రతివాళ్లూ అక్కడే ఉన్నారనీ అనుకోకు. అమెరికాలోనే కెంటకీ రాష్ట్రంలోని మేఫీల్డ్‌లో హెన్రీ వుల్డ్రిడ్జ్ అనే ఆయన తన తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, గుర్రం, వేటకుక్కలు, ఇలా 18 బొమ్మలు నిలబెట్టించుకున్నాడు. అక్కడ పూడ్చింది మాత్రం ఆయనొక్కడినే, 1899లో పోయాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ సైనికుల దేహాలను ఇళ్లకు పంపడం 1915లోనే ఆపేశారు. అందుకే బ్రిటన్‌లోని కుటుంబ సమాధుల మీద, ఎక్కడో దూరాన పూడ్చిన కొడుకుల పేర్లు కనిపిస్తాయి.

కాబట్టి శ్మశానం రిజిస్టర్ తప్పకుండా చూడు. ఎవరిని ఎప్పుడు పూడ్చారో అందులో ఉంటుంది. ఆ స్థలం కొన్నది ఎవరో కూడా అడుగు. వీలునామా దొరికితే పండగే, సమాధికి ఇంత ఖర్చు పెట్టమని రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. పాత పేపర్లలో చావు వార్త తేదీ దగ్గర ఆగకు, రాయి నిలబెట్టిన రోజు వార్త ఇంకో ఏడాదిలో ఉండొచ్చు.

వారసులు ఎవరైనా బతికుంటే చివర్లో కలువు, ముందే వెళ్లకు. చేతిలో నాలుగు తేదీలుంటే వాళ్లకూ నోరు పెగులుతుంది. ‘నిజమేనా’ అని అడగకు. పాత ఫోటోలు, రాతిపనివాడి బిల్లు ఉన్నాయేమో అడుగు. దాచుకోవాలనుకున్న విషయం ఏదైనా చెబితే, రాయొచ్చా అని మళ్లీ ఓసారి అడిగాకే రాయి.

అన్నట్టు, నువ్వు పంపిన ఫోటోలన్నీ ముందు నుంచి తీసినవే. చెక్కినవాడి పేరు సాధారణంగా కింద, గడ్డి కప్పేసే చోట చిన్నగా ఉంటుంది. ఆదివారం వెళ్లి గడ్డి చేత్తో పక్కకు తీసి, కుర్చీ వెనక వైపు కూడా ఒకటి తీసి పంపు.

మీ మామయ్య