ఇంజనును ‘తయారు చేయడం’ తప్పా?

సందేహం: వరంగల్ ఆటోనగర్‌లో మాకు లారీల షెడ్డు ఉంది. పని నేర్చుకునే పిల్లల కోసం చిన్న పుస్తకం రాసి ‘సూపర్‌ఛార్జర్‌కు ఇంజనును తయారు చేయడం’ అని పేరు పెట్టాను. సూపర్‌ఛార్జర్ అంటే ఇంజనులోకి గాలిని గట్టిగా తోసే పరికరం. ప్రూఫులు చూసినాయన ‘ఇంజన్లు తయారయ్యేది ఫ్యాక్టరీలో, సిద్ధం చేయడం అనండి’ అన్నారు. లోపల విప్పడం, ఊడదీయడం, దించడం అన్నీ కొట్టేసి ‘తొలగించుట’ అని పెట్టారు. రెండు చోట్ల సూపర్‌ఛార్జర్‌ను టర్బో అని మార్చారు. ‘సూపర్‌ఛార్జర్ బిగించి, బోల్టులు బిగించి’ అన్న వాక్యాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఏది సరి?

సమాధానం: మీ పేరులో తప్పేమీ లేదు. ఉర్దూ నుంచి వచ్చిన ‘తయారు’కు సిద్ధం అనే అర్థం ఎటూ ఉంది. హన్మకొండలో ‘పెండ్లికి తయారైనవా?’ అంటారు, గుంటూరులో ‘బడికి తయారయ్యావా?’ అంటారు. ‘చేయు’ చేరినప్పుడూ రెండర్థాలకు చోటుంది. ‘పెండ్లికి లడ్డూలు తయారు చేశారు’ అంటే అంతకుముందు ఆ లడ్డూలు లేవు. ‘పిల్లను పెండ్లికి తయారు చేశారు’ అంటే పిల్ల ముందే ఉంది. ప్రాణం లేని వస్తువులకు మనం మామూలుగా ‘ను’ వదిలేస్తాం. మీరు పనిగట్టుకుని ‘ఇంజనును’ అన్నారు గనుక, ఎదుట ఉన్న ఇంజనే అని తెలిసిపోతోంది. వట్టి ‘ఇంజను తయారీ’ అని ఉంటే ఆయన మాటే నెగ్గేది.

అసలు పేచీ పెట్టుకోవలసింది ‘తొలగించుట’తో. ఆక్రమణలు తొలగిస్తారు, ఉద్యోగంలోంచి తొలగిస్తారు. మళ్లీ రానివ్వకూడదనే కదా! ఇంజను పైమూత, అంటే సిలిండర్ హెడ్డు, మళ్లీ ఎక్కాలి. షెడ్డు మాటల్లో చేతిపని కనిపిస్తుంది: రేడియేటర్ నీళ్లు వదులుతారు, బెల్టు తప్పిస్తారు, నట్టు విప్పుతారు, పైపు ఊడదీస్తారు, హెడ్డు దించుతారు. అన్నింటికీ ఒకే క్రియ వాడితే, ఏది చేత్తో లాగాలో ఏది ఇద్దరు పట్టి దించాలో కుర్రాడికెలా తెలుస్తుంది? ‘తొలగించు’ కాస్తో కూస్తో నప్పేది హెడ్డు కింద లీకు కాకుండా వేసే పొర, అంటే పాత గాస్కెట్‌కు, దాన్ని మళ్లీ వేయరు కాబట్టి. అక్కడ కూడా నేనైతే ‘గీకేయడం’ అంటాను. అంటుకున్న పొర మిగిలిపోతే కొత్త గాస్కెట్ సరిగా కూర్చోదు, సూపర్‌ఛార్జర్ తోసే గాలితో సిలిండర్లో ఒత్తిడి పెరిగినప్పుడు అక్కడే లీకవుతుంది.

ఆయన వదిలేసిన వాక్యం నేను మారుస్తాను. ఫ్యాను బిగించారు, మీటరు బిగించారు అంటాం, కాబట్టి మాట మంచిదే. కానీ పక్కనే బోల్టులున్నాయి. హెడ్డు బోల్టులను నడిమి నుంచి అంచులకు, విడతలవారీగా బిగించాలని మీరు చెప్పబోతున్నారు. ఆ క్రియను వాటికే ఉంచి, సూపర్‌ఛార్జర్‌కు ‘అమర్చి’ అనండి.

టర్బో సంగతి భాషకు సంబంధించింది కాదు, అది వేరే వస్తువు. టర్బో అనేది ఇంజను వదిలే పొగ ఊపుతో తిరుగుతుంది; మీరు రాస్తున్నది ఇంజను తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ నుంచి బెల్టుతో తిరిగేది. ఆ రెండు చోట్లా మీ మాటే ఉంచండి.