పది కిలోల వెయిటెడ్ వెస్ట్ కొనేముందు రెండు బకెట్లు మోసి చూడండి

మీ వయసు 41, రోజంతా కంప్యూటర్ ముందు పని, జిమ్‌కు వెళ్లే వీలు లేదు. ఉదయం నడకకు పది కిలోల వెయిటెడ్ వెస్ట్, అంటే బరువులు నింపిన చేతుల్లేని జాకెట్, వేసుకుంటే సరిపోతుందా, ఎముకల బలం కోసం 63 ఏళ్ల అమ్మగారికి కూడా ఒకటి కొనవచ్చా అని అడిగారు. నాకు ఇప్పుడు 48. నాలుగేళ్లుగా బరువుతో నడుస్తున్నాను. పది కిలోలది కొనకండి. అసలు ఈ నెలలో ఏదీ కొనకండి. ముందు చేతులతో మోయడం మొదలుపెట్టండి.

ఎందుకంటే నాకు 44 ఏళ్లప్పుడు ఒకరోజు మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పనిచేయలేదు. నిండు గ్యాస్ సిలిండర్‌ను మూడో అంతస్తుకు ఎక్కించాల్సి వచ్చింది. లోపలి గ్యాస్ 14.2 కిలోలు, ఇనుము బరువు కూడా దాదాపు అంతే, మొత్తం 30 కిలోలకు అటూఇటూ. మొదటి అంతస్తు దాటేసరికి నా వేళ్లు వాటంతటవే విడిపోయాయి. ఆయాసం లేదు, కాళ్లూ బాగానే ఉన్నాయి, ఎందుకంటే అప్పటికే రోజూ ఐదు కిలోమీటర్లు నడిచేవాణ్ణి. పట్టు మాత్రం లేదు. ఎంత నడిచినా చేతికి, భుజానికి, నడుము పక్కలకు పని పడదని ఆ రోజు అర్థమైంది. వెస్ట్ కూడా ఈ లోటు తీర్చదు. అది నడకను బరువెక్కిస్తుంది, గుండెకు, తొడలకు ఎక్కువ పని చెబుతుంది, కానీ అప్పుడూ చేతులు ఖాళీగానే ఊగుతుంటాయి.

పట్టు చిన్న విషయం కాదు. 17 దేశాల్లో సుమారు 1,40,000 మందిని పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం 2015లో వచ్చింది. చేతి పట్టు తగ్గినకొద్దీ మరణాల ముప్పు ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. పట్టు పెంచితే ఆయుష్షు పెరుగుతుందని దాని అర్థం కాదు. ఒంట్లో బలం ఎలా ఉందో చేయి చెబుతుంది, అంతే.

నేను మొదలుపెట్టింది రెండు ప్లాస్టిక్ బకెట్లతో. ఒక్కోదానిలో ఎనిమిది లీటర్ల నీళ్లు, పిడికి పాత తువ్వాలు చుట్టాను, లేకపోతే సన్నని తీగ వేళ్లను కోస్తుంది. పార్కింగ్ స్థలంలో ఆ చివరి నుంచి ఈ చివరికి, సుమారు 25 అడుగులు వేసి, దించి ఒక నిమిషం ఆగి మళ్లీ. అలా ఆరుసార్లు, వారానికి మూడు రోజులు. నీళ్లలో ఒక మేలుంది. ఒళ్లు ఊగితే వెంటనే తొణికి పాదాలు తడుస్తాయి, కాబట్టి ఎవరూ చెప్పకుండానే నడక సర్దుకుంటుంది. అడుగులు చిన్నవిగా, త్వరగా పడాలి. కావడి మోసేవారి నడక చూసి ఉంటే ఆ లయ మీకు తెలుస్తుంది.

ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ తుంటి, మోకాళ్లు వంచండి, నడుమును విల్లులా వంచకండి. ఊపిరి బిగబట్టకండి, గట్టిగా పట్టి ఊపిరి బిగిస్తే రక్తపోటు ఎగబాకుతుంది. వేళ్లు జారబోతున్నాయనిపించగానే దించండి. బకెట్లు తేలికనిపించాక ఇసుక నింపిన సంచులకు మారాను. ఇప్పుడు చేతికి 22 కిలోలు మోస్తున్నాను.

రెండు నెలలయ్యాక ఒంటిచేతి మోత మొదలుపెట్టండి, కానీ సగం బరువుతోనే. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన స్టువర్ట్ మెక్‌గిల్ బృందం 2013లో దీన్ని కొలిచింది. ఒకే చేత్తో 30 కిలోలు మోస్తే నడుము మీద పడిన ఒత్తిడి, రెండు చేతుల్లో 30 చొప్పున 60 కిలోలు మోసినప్పటి కంటే ఎక్కువగా ఉంది! బరువు ఒక పక్కకు లాగుతుంటే ఒరిగిపోకుండా రెండో పక్క కండరాలు బిగుసుకుని వెన్నును పట్టి ఉంచాలి కదా. ఆ కండరాలను పెంచేదీ అదే, అతిగా చేస్తే నడుము పట్టించేదీ అదే. మా నాయనమ్మ చంకలో బిందెతో చెరువు నుంచి వస్తూ దారిలో తప్పకుండా పక్క మార్చుకునేది.

అయితే పాతతరం మోసిందంతా వ్యాయామమని పొగిడేవారితో నేను ఏకీభవించను. అదే నాయనమ్మ చివరి పదేళ్లు మెడ తిప్పలేకపోయింది. బస్తాలు మోసే హమాలీల నడుములు ఎలా అరిగిపోతాయో మార్కెట్ యార్డు దగ్గర పెరిగినవాడిగా చూశాను. అలసినప్పుడు దించే వీలు వారికి లేదు, మనకు ఉంది. ఆ వీలును ప్రతిసారీ వాడుకోండి.

ఇక వెస్ట్. నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇంత పొడవుగా రాస్తున్నాను. నా బరువు 72 కిలోలు. పది కిలోల వెస్ట్ తెచ్చి మొదటి రోజే ఐదు కిలోమీటర్లు నడిచాను. పదో రోజుకు ఉదయం మంచం దిగితే మడమలో మేకు గుచ్చినట్టు నొప్పి. తగ్గడానికి రెండు నెలలు పట్టింది. కండరం కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది, పాదం అడుగున ఉండే పట్టీ, మోకాలి చుట్టూ ఉండే తాళ్లలాంటి బంధనాలు అంత త్వరగా అలవాటు పడవు. శరీర బరువులో నూటికి ఐదు వంతులతో, అంటే నాకైతే మూడున్నర కిలోలతో, పావుగంట నడకతో మొదలుపెట్టాల్సింది. ఇప్పటికీ ఏడు కిలోలు దాటను.

కొనకుండానే పరీక్షించుకోవచ్చు. పాత స్కూలు సంచిలో మొత్తం మూడు కిలోల బియ్యం పొట్లాలు వీపుకు ఆనేలా పెట్టి, పట్టీలు బిగించి రెండు వారాలు నడవండి. సంచి బరువంతా వెనకే ఉంటుంది కాబట్టి మనిషి కాస్త ముందుకు వంగుతాడు. వెస్ట్ ముందూ వెనకా పంచుతుంది, దాని అసలు లాభం అది. రెండు వారాలు మానకుండా నడిస్తే అప్పుడు కొనండి, చిన్న బరువులు తీసి పెట్టుకునే వీలున్నదే కొనండి. ఛాతీ మీద మరీ బిగిస్తే ఊపిరి ఆడదు, వదులైతే భుజాలు ఒరుసుకుపోతాయి. మన ఎండల్లో అది ఒంటి వేడిని లోపలే ఆపేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నేను ముట్టుకోను.

అమ్మగారి విషయంలో జాగ్రత్త. బరువు తగ్గుతున్న వృద్ధుల్లో వెస్ట్ ధరిస్తే తుంటి ఎముక నష్టం ఆగుతుందేమోనని అమెరికాలో 150 మందిపై ఏడాదిపాటు చూశారు, ఫలితం 2025లో వచ్చింది. ఆగలేదు. అంతకుముందు 2000లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో ఎముక నిలిచింది, కానీ ఆ స్త్రీలు వెస్ట్‌తో గెంతులు, కాళ్ల వ్యాయామాలు ఐదేళ్లు చేశారు. వెస్ట్‌తో ఊరికే ఇంట్లో తిరగడం వేరు, అది వేరు. ముందు ఎముక సాంద్రత పరీక్ష చేయించి డాక్టరును అడగండి. ఎముక ఇప్పటికే గుల్లబారి ఉన్నా, హెర్నియా, డిస్కు సమస్య, అదుపులో లేని రక్తపోటు ఉన్నా అడగకుండా ఏ బరువూ వద్దు. మా అమ్మకు 70. డాక్టరు సరేనన్నాక చేతికి రెండు లీటర్ల నీళ్ల సీసా చొప్పున పట్టుకుని వరండాలో నాలుగుసార్లు తిరుగుతుంది, తర్వాత కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేస్తుంది.

బకెట్లతో రెండు వారాలు చేశాక ఎన్ని లీటర్లు, ఎన్ని అడుగులు, మర్నాడు ఎక్కడ నొప్పి అనిపించిందో రాయండి. దాన్ని బట్టి తర్వాత ఎంత పెంచాలో చెబుతాను.