‘క్షిపణి విధ్వంసక నౌక’: ఏ సమాసం, ఏ అర్థం?

ప్రశ్న: మాది హనుమకొండ. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విరమించాను. పోటీ పరీక్షలకు చదువుతున్న మా మనవరాలు తన పుస్తకంలోని ఒక వాక్యం చూపించి అర్థం అడిగింది. ‘విశాఖపట్నం తరగతికి చెందిన ఐఎన్ఎస్ విశాఖపట్నం స్వదేశీ క్షిపణి విధ్వంసక నౌక’ అన్నది ఆ వాక్యం. ఎదుటివారి క్షిపణులను ధ్వంసం చేసే నౌక అని నేను చెప్పాను. కాదు అమ్మమ్మా, క్షిపణులు ఉన్న నౌక అని తను అంటున్నది. ‘స్వదేశీ’ అన్నది క్షిపణికి విశేషణమా, నౌకకు విశేషణమా? విశాఖపట్నం తరగతి అంటే విశాఖలో కట్టినవనేనా? ఈ నౌక జలప్రవేశం 2015లో జరిగిందని ఒక పుస్తకంలోను, 2021లో అని మరో పుస్తకంలోను ఉంది. దయచేసి వివరించగలరు.

సమాధానం: మీ మనవరాలు చెప్పిందే ఉద్దేశించిన అర్థం. అయినా మీరు చెప్పిన అర్థం పొరపాటున తోచింది కాదు. ఈ సమాసాన్ని వ్యాకరణం తెలిసినవారు ఎవరు విప్పినా ముందు మీ అర్థమే వస్తుంది. దోషం చదివినవారిది కాదు, సమాసం కూర్చినవారిది.

నాశకం, సంహారకం, విధ్వంసకం వంటి మాటల చివర ఉన్న ‘అక’ ప్రత్యయం ఆ పని చేసే కర్తను చెబుతుంది. అటువంటి మాటకు ముందు ఒక నామం వచ్చి చేరితే, సాధారణంగా అది ఆ పనికి కర్మ అవుతుంది. రోగనాశకం రోగాన్ని పోగొడుతుంది, క్రిమిసంహారకం క్రిములను చంపుతుంది. ఆ వరుసలోనే ‘క్షిపణి విధ్వంసకం’ అంటే క్షిపణులను ధ్వంసం చేసేది అని షష్ఠీ తత్పురుషగా అర్థమవుతుంది. మీరు ఏళ్ల తరబడి పిల్లలకు నేర్పిన పద్ధతి అదే కాబట్టి మీ మనసు అటే వెళ్లింది.

రాసినవారు అనుకున్నది వేరు. వారి దృష్టిలో ‘విధ్వంసక నౌక’ అన్నది ముందే ఏర్పడిన ఒక పేరు. ఇంగ్లీషు నావికులు డిస్ట్రాయర్ అనే యుద్ధనౌకకు అది తెలుగు. దానికి ముందు క్షిపణి అనే మాట పెట్టి, క్షిపణులతో కూడిన విధ్వంసక నౌక అనుకున్నారు. నడుమ ‘తో కూడిన’ అన్నది లోపించింది కనుక ఇది మధ్యమపదలోపి సమాసం. శాకప్రియుడైన పార్థివుడిని శాకపార్థివుడు అన్నట్లే ఇదీ. అంటే ఒకే అక్షరాల వరుసకు రెండు విగ్రహవాక్యాలు ఉన్నాయి. రెండూ వ్యాకరణానికి ఒప్పేవే, వస్తువుకు ఒప్పేది మాత్రం ఒక్కటే.

ఈ చిక్కు ఇంగ్లీషులోనే పుట్టింది. 19వ శతాబ్దం చివరి దశాబ్దాలలో నీటిలో దూసుకువెళ్లి నౌకలను పేల్చే టార్పెడోలను మోసే చిన్న పడవలు పెద్ద యుద్ధనౌకలకు ప్రాణాంతకంగా తయారయ్యాయి. వాటిని వేటాడడానికి 1890లలో బ్రిటిష్ నౌకాదళం వేగంగా వెళ్లే ఒక కొత్తరకం నౌకను కట్టించి, దానికి ‘టార్పెడో బోట్ డిస్ట్రాయర్’ అని పేరు పెట్టింది. అక్కడ విధ్వంసం టార్పెడో పడవలకే, అది అచ్చమైన షష్ఠీ తత్పురుష. కాలక్రమంలో ముందు మాటలు రాలిపోయి ‘డిస్ట్రాయర్’ మిగిలింది. దేనిని ధ్వంసం చేస్తుందన్న కర్మ పోయి, ఒక నౌకారకానికి రూఢనామమైంది. ఆ తరువాత క్షిపణుల కాలం వచ్చినప్పుడు, ఆ రూఢనామానికి ముందు ‘గైడెడ్ మిసైల్’ అని చేర్చారు. పైకి చూస్తే రెండు పేర్లూ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి, కాని మొదటి పేరులో ముందుమాట చంపబడేది, రెండో పేరులో ముందుమాట చేత పట్టుకున్న ఆయుధం.

మన వాడుకలోనూ ఇలాంటి జంటలు లేకపోలేదు. ఎలుకబోను ఎలుకలను పట్టేది, ఇనుపబోను ఇనుముతో చేసినది. మన వరంగల్ పత్తిచేలల్లో రోజూ వినబడే ‘పురుగుల మందు’ పురుగులను చంపేది, పక్కనే రైతు కాచుకునే ‘వేప మందు’ వేపతో చేసినది. వీటిలో ఎవరికీ సందేహం రాదు, ఎందుకంటే బోనునూ మందునూ మనం కళ్లారా చూశాం. లోపించిన మాటను వస్తుపరిచయం పూరిస్తుంది. సముద్రం చూడాలంటే రాత్రంతా రైలు ప్రయాణం చేయవలసిన ఊళ్లో ఉన్న పాఠకునికి యుద్ధనౌక విషయంలో ఆ పరిచయం ఉండదు. అటువంటి చోట లోపించిన మాటను రచయితే పూరించి రాయాలని నా దృఢమైన అభిప్రాయం.

ఈ నౌకల విషయంలో మరో చిక్కు ఉంది. మీరు చెప్పిన అర్థం వస్తువుకు పూర్తిగా విరుద్ధమైతే చదివేవారు ఆగి ఆలోచించేవారు. ఈ తరగతి నౌకలో బ్రహ్మోస్ క్షిపణులు ఉంటాయి, అవి శత్రునౌకల మీదికి, తీరంలోని లక్ష్యాల మీదికి వెళ్లేవి. బరాక్-8 అనే మరోరకం క్షిపణులూ ఉంటాయి, అవి ఆకాశంలోకి లేచి విమానాలనే కాక, దూసుకువచ్చే క్షిపణులను కూడా కూలుస్తాయి. కాబట్టి ‘క్షిపణులను ధ్వంసం చేసే నౌక’ అన్నది సగం నిజంలా నిలబడుతుంది, పొరపాటు బయటపడకుండా ఉండిపోతుంది. ఆ నౌక చేసే అనేక పనులలో అది ఒకటి, దాని పేరుకు కారణం మాత్రం కాదు.

మరి ఎలా రాయాలి? సమాసంగానే కావాలనుకుంటే ‘క్షిపణిసహిత విధ్వంసకనౌక’ అనవచ్చు. చివరి రెండు మాటలనూ విడదీయకుండా కలిపి రాస్తే అది ఒక పేరన్న సంగతి కంటికి తెలుస్తుంది. విద్యార్థుల పుస్తకంలో నేనైతే ‘క్షిపణులు ప్రయోగించే విధ్వంసకనౌక’ అని రాస్తాను. రెండక్షరాలు పెరిగినా సందేహం తొలగుతుంది. ‘డిస్ట్రాయర్’ అని ఉంచినా నాకు అభ్యంతరం లేదు. 2025 జనవరి 15న ఇదే తరగతి డిస్ట్రాయర్ ఐఎన్ఎస్ సూరత్ నౌకాదళంలో చేరిన రోజే నీలగిరి అనే ఫ్రిగేట్ (మరో రకం యుద్ధనౌక), వాగ్‌షీర్ అనే జలాంతర్గామి కూడా చేరాయి. అన్నిటినీ ‘యుద్ధనౌకలు’ అనేస్తే ఏది ఏదో తెలియదు, అందుకే రకానికి ఒక పేరు ఉండక తప్పదు.

‘గైడెడ్’ అన్న మాటకు కొందరు ‘మార్గదర్శక క్షిపణి’ అని రాస్తున్నారు, అది తప్పు. ఇక్కడా ‘అక’ ప్రత్యయమే ఉంది కాబట్టి ఇతరులకు దారి చూపే క్షిపణి అని అర్థం వస్తుంది. దారి చూపబడేది కనుక ‘నిర్దేశిత క్షిపణి’ అనాలి. నిజానికి తెలుగులో ఆ విశేషణం అవసరమే లేదు. గురివైపు నడిపించే ఏర్పాటు ఉన్నదాన్ని క్షిపణి అని, లేనిదాన్ని రాకెట్ అని మనవాళ్లు యుద్ధవార్తలలో వేరుచేసి చెబుతూనే ఉన్నారు. ఈ నౌకల మీదే జలాంతర్గాముల కోసం రాకెట్ లాంచర్లు వేరేగా ఉన్నాయి. క్షిపణి అన్నది ‘క్షిప్’ ధాతువు నుంచి వచ్చింది, విసరడం దాని అర్థం. అదే ధాతువు నుంచి వచ్చిన ‘క్షేపణి’ని అమరకోశం పడవ నడిపే తెడ్డుకు పేరుగా చెప్పింది. నీటితో ఈ ధాతువుకు ఉన్న చుట్టరికం అంత పాతది.

‘స్వదేశీ’ సంగతి. మీ వాక్యంలో అది క్షిపణికి పక్కనే ఉంది కాబట్టి స్వదేశీ క్షిపణి అని చదవడానికే వీలు ఎక్కువ. కాని ఆ క్షిపణులు రెండూ ఇతర దేశాలతో కలిసి రూపొందించినవి. బ్రహ్మోస్ రష్యాతో కలిసి చేసినది, బ్రహ్మపుత్ర, మాస్క్వా నదుల పేర్లను కలిపి ఆ పేరు పెట్టారు. బరాక్-8 ఇజ్రాయెల్‌తో కలిసి చేసినది. స్వదేశీయమన్న మాట నౌకకు చెందుతుంది. దాని రూపకల్పన మన నౌకాదళానిదే, నిర్మాణం మన దేశంలోనే, అందులో వాడిన దేశీయ సామగ్రి సుమారు 75 శాతం. విశేషణాన్ని విశేష్యానికి దగ్గరగా ఉంచాలన్న చిన్న నియమాన్ని పాటించకపోతే వాక్యం మొత్తం అసత్యం చెప్పగలదనడానికి ఇది మంచి ఉదాహరణ.

తరగతి విషయంలో సమాధానం సులువు. ఒకే నమూనాలో కట్టిన నౌకలన్నిటినీ వాటిలో మొదటి దాని పేరుతో పిలవడం నావికుల ఆచారం. విశాఖపట్నం తరగతి అంటే విశాఖపట్నం అనే నౌక కోవకు చెందినవని అర్థం, విశాఖ రేవులో కట్టినవని కాదు. విశాఖపట్నం, మోర్ముగావ్, ఇంఫాల్, సూరత్ అనే నాలుగింటినీ ముంబైలోని మజగావ్ డాక్‌లోనే నిర్మించారు. ఒక్కొక్కటి 163 మీటర్ల పొడవు, దాదాపు 7,400 టన్నుల బరువు. దేశం నాలుగు మూలల ఊళ్ల పేర్లు రావాలని అలా పెట్టారు. ‘తరగతి’ అనగానే మన పిల్లలకు బడిగది గుర్తుకు రావడం సహజం. ‘కోవ’ అన్న మాట నాకు ఎక్కువ ఇష్టం, అయినా తరగతి, శ్రేణి ఇప్పటికే స్థిరపడ్డాయి కాబట్టి వాటిని తప్పుపట్టను.

ఇక జలప్రవేశం. మీరు చూసిన రెండు సంవత్సరాలూ సరైనవే, వాటికి వాడిన మాట మాత్రం ఒకచోట తప్పు. నౌక పైభాగం ఇంకా పూర్తికాకముందే, అడుగుభాగం నీటిలో తేలగలిగే స్థితికి రాగానే, దాన్ని మొదటిసారి నీటిలోకి దింపుతారు. అది జలప్రవేశం, ఐఎన్ఎస్ విశాఖపట్నం విషయంలో 2015 ఏప్రిల్ 20న జరిగింది. అప్పటికి దాని మీద ఆయుధాలు లేవు. తరువాత యంత్రాలు, రాడార్లు, క్షిపణుల అరలు అమర్చి, సముద్రంలో పరీక్షలు జరిపి, నౌకాదళానికి అప్పగించాక, చివరకు 2021 నవంబరు 21న పతాకం ఎగురవేశారు. దీనిని ‘నౌకాదళ ప్రవేశం’ అనాలి, లేదా ‘నౌకాదళంలో చేరింది’ అని తేలికగా చెప్పాలి. రెండింటి మధ్య ఆరున్నరేళ్లు గడిచాయి కనుక ఈ రెండు మాటలను కలిపేస్తే పరీక్షలో జవాబే తప్పవుతుంది.

మీ మనవరాలు ఆ వాక్యాన్ని ఇలా దిద్దుకుని రాసుకోవచ్చు: ‘ఐఎన్ఎస్ విశాఖపట్నం, మన దేశంలో రూపకల్పన చేసి నిర్మించిన, క్షిపణులు ప్రయోగించే విధ్వంసకనౌక. తన పేరుతోనే ఏర్పడిన తరగతిలో ఇది మొదటిది. 2015లో జలప్రవేశం చేసి, 2021లో నౌకాదళంలో చేరింది.’