మీ అక్కగారి గుడి ప్రయాణం గురించి

నమస్కారమండి. బస్సు ప్రమాదంలో బావగారు పోయాక, ఆ వీడియో తిరుపతిలో అందరి ఫోన్లలోనూ తిరగడంతో మీ అక్కగారు గడప దాటడం మానేశారని, ఇప్పుడు కొండకు వెళ్తానంటే బంధువులు ఏడాది ఆగమంటున్నారని రాశారు.

సంవత్సరీకం దాకా కొండ ఎక్కకపోవడం మన వైపు చాలా ఇళ్లలో ఉన్న ఆచారమే. అయితే అది ఇంటింటికీ మారుతుంది కనుక, బంధువులను కాక కర్మలు చేయించిన పురోహితుణ్ణే అడగండి. ఇంట్లో నామస్మరణకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆవిడకు తరిగొండ వెంగమాంబ కథ చెప్పండి. వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టి, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న ఆమె, వితంతు నియమాలు పాటించమన్న ఊరివారి ఒత్తిడికి లొంగక, నరసింహస్వామిని కొలుస్తూ కవిత్వం రాసి, తర్వాత తిరుమల చేరారు. ఏకాంత సేవలో నేటికీ ఆమె పేరిట ముత్యాల హారతి ఇస్తారు. కొండమీది అన్నప్రసాద భవనానిదీ ఆమె పేరే. వితంతువు ఎదురైతే అపశకునమనేవారు కూడా అక్కడే తృప్తిగా భోంచేసి వస్తారు, అది వేరే సంగతి.

ఏడాది గడిచాక, కొండమీద భక్తులకు స్వచ్ఛందంగా చేసే శ్రీవారి సేవకు పేరు నమోదు చేయించండి. కూరగాయలు తరగడం, వడ్డించడం, క్యూలైన్లలో మంచినీళ్లు అందించడం వంటి పనుల్లో, జాలి చూపులు లేకుండా పదిమందిలో ఒకరిగా ఉండగలుగుతారు. నిద్ర పట్టక ఆ దృశ్యమే కళ్లముందు మెదులుతుంటే మాత్రం అంతవరకూ ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. భక్తికి అది అడ్డు కాదు.