బుజ్జీ, శాంపిల్ తీసే ముందు ప్రొఫార్మా చూసుకో

బుజ్జీ,

విజయవాడ నుంచి నువ్వు పంపిన సినాప్సిస్ రెండుసార్లు చదివాను. తలసీమియా, సికిల్ సెల్, లుకేమియా, ఈ మూడు రక్తపు జబ్బులూ ఒకే థీసిస్‌లో పెట్టేశావు. అంత వద్దు. ముప్పై ఏళ్ళు గుంటూరులో మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాణ్ణిగా చెప్తున్నా, ఒక్కటే తీసుకో, నన్నడిగితే తలసీమియా కారియర్లని, అంటే జబ్బు లేకుండా ఆ జన్యువు మాత్రం మోస్తున్నవాళ్ళని తీసుకో.

లుకేమియాలో, అంటే రక్త క్యాన్సర్‌లో, జన్యువుల మార్పు చాలావరకు ఆ మనిషి మజ్జలో, ఆ మనిషి బతికుండగా పుట్టేదే. ఒక రకం లుకేమియాకి కారణమైన ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ 1960లో కనబడింది, అది 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల వచ్చిందని 1973లో జానెట్ రౌలీ తేల్చింది, దాని మీద పనిచేసే ఇమాటినిబ్ అనే మందుకి 2001లో అనుమతి వచ్చింది. ఎంత గొప్ప పనైనా అది ఆ ఒక్క రోగి రక్తానికి సంబంధించిందే. తలసీమియా అలా కాదు, హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని ఆ జబ్బు తల్లిదండ్రుల జన్యువుల నుంచి వచ్చేది. ఒక అమ్మాయికి కారియర్ అని రిపోర్టు రాశావంటే అది వాళ్ళ అన్నయ్యకీ చెల్లెలికీ కూడా సంబంధించిన మాటే. భార్యాభర్తలిద్దరూ కారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి పెద్ద జబ్బు, అంటే తలసీమియా మేజర్, వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. మన వైపు మేనరికాలు ఇంకా ఉన్నాయి కదా, పేషెంటు వివరాలు రాసుకునే ప్రొఫార్మాలో దానికో గడి పెట్టు.

ఇంకో సంగతి. రిజల్టు వచ్చాక ఆ ఇంటికి ఎవరు చెప్తారు, ఎలా చెప్తారు అన్నది మొదటి శాంపిల్ తియ్యకముందే రాసిపెట్టుకో. సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఆ మాట ఎంత బరువో నీకు తెలుసు. కారియర్ అంటే జబ్బు మనిషి కాదని, అబ్బాయికి కూడా టెస్టు చేయిస్తే చాలని, తల్లిదండ్రులకి అర్థమయ్యేలా కూర్చోబెట్టి చెప్పాలి. ఎథిక్స్ కమిటీ అడుగుతుందని కాదు, వాళ్ళ రక్తం తీసుకున్నాం కాబట్టి చెప్పాలి.

నా మొదటి పేపరు ఎందుకు ఆగిపోయిందో నీకెప్పుడూ చెప్పలేదు. రక్తంలో హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ రిపోర్టులు, రెండేళ్ళు కూడబెట్టినవి. రివ్యూయర్ అడిగింది ఒకటే ప్రశ్న, వీళ్ళకి ఆఖరిసారి రక్తం ఎప్పుడు ఎక్కించారు అని. నా రిజిస్టరులో ఆ గడే లేదు. ఎక్కించి మూడు నెలలు దాటకపోతే మెషిన్ చూపించేది దాత హిమోగ్లోబిన్ కూడా కలిసిన లెక్క. ఎవరి లెక్క నమ్మాలో, ఎవరిది తీసెయ్యాలో తెలియక మొత్తం వదిలేశాను. ఆ పిల్లల్ని అన్నిసార్లు సూదితో గుచ్చింది దేనికీ పనికిరాలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

అలాగే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే టెస్టు) చూడకుండా ఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) విలువ రాయకు. 3.5 శాతం దాటితే కారియర్ అంటాం గానీ, ఐరన్ లోపం ఉంటే ఏ2 కిందికి దిగుతుంది, కారియర్ కాస్తా నార్మల్‌లా కనబడుతుంది. 3.3, 3.4 దగ్గర ఆగినవాళ్ళకి ఐరన్ ఇచ్చి మళ్ళీ చెయ్యి. రక్తకణాల లెక్క చెప్పే సీబీసీలో ఎమ్‌సీవీ (ఎర్రకణం సైజు) 64, ఆర్‌బీసీ (ఎర్రకణాల సంఖ్య) 5.6 ఉందనుకో, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 11.4 వస్తుంది. 13 కంటే తక్కువ కాబట్టి తలసీమియా అనుమానించాలి, అనుమానం వరకే. ఆ పేషెంటు స్లైడ్ నువ్వే తీసి, టార్గెట్ సెల్స్ (గురిబల్లలా మధ్యలో చుక్క కనబడే ఎర్రకణాలు) ఉన్నాయేమో నీ కళ్ళతో చూడు. టెక్నీషియన్ రాసింది కాపీ కొట్టకు.

పేపరు రాసేటప్పుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకో. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చి 1948లో పేపరు వేశాడు. 16 మందిలో 10 మందికి మెరుగైంది. అంతకుముందు ఎవరూ చూడనిది, అయినా ఆ పేపరు శీర్షికలో మొదటి మాటే ‘తాత్కాలిక’. మందు విషపూరితమని కూడా అందులోనే రాశారు. నీకు దొరికింది ఎంతో అంతే రాయి, ఒక్క పిసరు కూడా పెంచకు. డబ్బు కడితే వారంలో అచ్చేస్తామని మెయిళ్ళు వస్తాయి, వాటి జోలికి పోకు.

ఆదివారం పొద్దున్నే గుంటూరు వచ్చెయ్. పేర్లు తీసేసి, నంబర్లు మాత్రం వేసిన స్లైడ్లు ఓ ఇరవై తీసుకురా, మార్చిన ప్రొఫార్మా కూడా. రక్తం ఎక్కించిన తేదీకి గడి పెట్టావో లేదో ముందు అదే చూస్తాను.

మావయ్య
బ్రాడీపేట, గుంటూరు