ఇన్సులిన్ మొదలుపెడితే ఇక అంతేనా?

ప్రశ్న: మా మావయ్యగారికి 64 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. రెండు రకాల మాత్రలు వాడుతున్నా ఈమధ్య పరగడుపునే 240 చూపిస్తోంది. డాక్టరుగారు ఇన్సులిన్ మొదలుపెడదామంటే, "అది ఆఖరి స్టేజి వాళ్లకిచ్చేది, ఒకసారి వేస్తే అలవాటైపోతుంది" అని ససేమిరా అంటున్నారు. అసలు అది ఒంట్లో ఏం చేస్తుంది? మాత్రగా ఎందుకు దొరకదు? ఆయన ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తారు, సూది వేసుకుని అంత దూరం నడవచ్చా?
- ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ మావయ్యగారు పుట్టినప్పట్నుంచీ ఇన్సులిన్ మీదే బతుకుతున్నారమ్మా, ముందు ఆ మాట చెప్పండి. పొట్ట వెనక ఉండే క్లోమంలోని బీటా కణాలు దాన్ని రోజంతా కొద్దికొద్దిగా, తిన్నప్పుడు ఎక్కువగా వదులుతూనే ఉంటాయి. నాలుగు ఇడ్లీలు తింటే అందులోని పిండిపదార్థం గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తుంది. ఇన్సులిన్ అందగానే కండరాల్లో, కొవ్వు కణాల్లో లోపల ఉండే గ్లూకోజు మోసే ప్రొటీన్లు కణం పైపొరకి చేరి దాన్ని లోపలికి తీసుకుంటాయి. మెదడుకీ ఎర్ర రక్తకణాలకీ మాత్రం ఇన్సులిన్‌తో పని లేకుండానే గ్లూకోజు అందుతుంది.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. తెలియనిది లివర్ సంగతి. రాత్రి రెండు పుల్కాలు తిని పడుకున్న మనిషికి పొద్దున్నే 240 ఎలా వచ్చిందని ఇంట్లో అందరూ ఆయన దొంగతనంగా స్వీట్లు తిన్నాడేమోనని అనుమానిస్తారు, పాపం! మనం నిద్రపోతున్నప్పుడు మెదడుకి కావలసిన గ్లూకోజును లివరే తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఎంత వదలాలో అదుపు చేసేది ఇన్సులిన్. అది చాలకపోతే, లేదా ఉన్నా లివర్ దానికి సరిగ్గా స్పందించకపోతే, తిండి లేకపోయినా షుగర్ పెరుగుతుంది. మీ మావయ్యగారి పరగడుపు అంకె వెనక ముఖ్యంగా ఇదే ఉంటుంది. అందుకే ఇలాంటివాళ్లకి మొదట రోజుకి ఒక్కసారి వేసుకునే, ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ ఇస్తుంటారు.

ఇక అలవాటు సంగతి. టైప్ 2 షుగర్‌లో ఒళ్లు ఇన్సులిన్ మాట వినదు, దాంతో క్లోమం ఏళ్ల తరబడి ఎక్కువెక్కువ తయారుచేసి చివరికి వెనకబడుతుంది. కొన్ని మాత్రలు పనిచేసేదే క్లోమం చేత ఇంకాస్త ఇన్సులిన్ వదిలించి, అక్కడ సరుకు తగ్గాక వాటి డోసు పెంచి లాభం లేదు. ఆ లోటునే సూది పూడుస్తుంది. ఆపరేషనప్పుడో పెద్ద ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడో కొన్నాళ్లు వాడి మానేసినవాళ్లు బోలెడుమంది. క్లోమం ఇన్సులిన్‌ని దాదాపు తయారే చేయని టైప్ 1 వాళ్లకి మాత్రం ఇది జీవితాంతం కావాలి, మానేస్తే ప్రాణానికే ముప్పు. 1922లో టొరంటోలో 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఈ సూది వేసేదాకా అలాంటి పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. ఆఖరి స్టేజి మందు అనేవాళ్లకి ఈ ముక్క చెప్పండి.

మాత్ర ఎందుకు లేదంటే, ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. మింగితే పప్పులోని ప్రొటీన్‌లాగే కడుపులో అరిగిపోతుంది.

గిరి ప్రదక్షిణ అంటే 32 కిలోమీటర్లు. నడిచే కండరాలు ఇన్సులిన్ లేకుండా కూడా గ్లూకోజు లాక్కుంటాయి, దానికి సూది, పైగా ఉపవాసం తోడైతే లో షుగర్ వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆ రోజు డోసు ఎంత తగ్గించాలో ముందుగానే డాక్టరుని అడగండి, సొంతంగా మానేయొద్దు. సూది తొడకి కాకుండా పొట్టకి వేసుకోవాలి, నడిచే కాలి నుంచి మందు త్వరగా రక్తంలో కలుస్తుంది. లో షుగర్‌కి చెమట ఒక గుర్తే కానీ ఆషాఢంలో మన విశాఖ ఉక్కపోతకి అందరూ తడిసిపోతారు, కాబట్టి చేతులు వణకడం, మాట తడబడటం, ఊరికే చిరాకుపడటం గమనించండి. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఇంటికొచ్చాక రాత్రి కూడా తగ్గొచ్చు, పడుకునేముందు ఒకసారి చెక్ చేయండి. ఒట్టి కాళ్లతో నడుస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. అరికాళ్లకి స్పర్శ తగ్గినవాళ్లకి పుండు పడినా తెలియదు. మెత్తటి బూట్లు వేసుకున్నంత మాత్రాన అప్పన్న స్వామి ఏమీ అనుకోడు.

ప్రశ్న: అమ్మ వాడే ఇన్సులిన్ సీసాకి మెడికల్ షాపులో ఏ సిరంజి ఇస్తే అది తెచ్చేస్తున్నాను. ఫర్వాలేదా?
- ఒక పాఠకుడు, మద్దిలపాలెం

జవాబు: అస్సలు కుదరదు. సీసా మీద 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ రంగు మూతది. 100 సీసాలోంచి 40 సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు డోసు పడుతుంది, తారుమారైతే సగం కూడా అందదు. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో ఉంచండి, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం కాదు, ఒకసారి గడ్డకడితే పారేయాల్సిందే. ఈసారి షాపుకి ఖాళీ సీసా పట్టుకెళ్లి చూపించండి.